బేస్ గిటారు మెడను సరిచేసుకొనుట ఎలా?

ఈ దినమున బేస్ గిటారు మెడను గూర్చి కొన్ని సంగతులు ఆలోచిద్దాం. మీ గిటారు తీగలు ఈమధ్య జరజరమంటున్నాయా? వ్రేళ్లు నొప్పి పుట్టేంతగా పైకి లేచాయా? "ఇది పాడైపోయింది, అమ్మేద్దాం" అనుకుంటున్నారా? ఒక్క క్షణం ఆగండి. లోపం గిటారులో కాదు, మెడ వంపులో ఉండవచ్చు.

మెడ ఎందుకు వంగుతుంది? నాలుగు తీగలను శ్రుతి చేసినప్పుడు అవి దాదాపు 70 నుండి 80 కిలోల బరువంత బలంతో మెడను ముందుకు లాగుతాయి. పైగా చెక్క తేమను పీల్చుకుంటుంది, ఎండలకు ఆరిపోతుంది. అందువలన వానాకాలంలో ఉన్నట్టు వేసవిలో ఉండదు. ఈ లాగుడుకు ఎదురు నిలుచుటకే మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. గిబ్సన్ సంస్థలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ దీనికి 1923లో పేటెంటు పొందాడు.

అయితే మెడ పూర్తిగా తిన్నగా ఉండాలా? అవసరం లేదు. మీటిన తీగ నడుమ భాగంలో ఎక్కువగా ఊగుతుంది. దానికి చోటివ్వడానికి మెడకు కొద్దిపాటి వంపు కావాలి.

మొదటిది, పరీక్షించండి. తీగలను శ్రుతి చేసి, గిటారును వాయించే భంగిమలో పట్టుకోండి. మొదటి ఫ్రెట్‌కు కేపో బిగించండి. మెడ శరీరాన్ని కలిసే చోట లావు తీగను ఒక చేత్తో నొక్కండి. ఇప్పుడు ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ క్రింద ఎంత సందు ఉందో చూడండి. సుమారు 0.3 మిల్లీమీటర్లు, అనగా ఒక విజిటింగ్ కార్డు మందం ఉంటే చాలు.

రెండవది, త్రిప్పండి. సందు ఎక్కువైతే, నట్టుకు ఎదురుగా చూస్తూ గడియారపు ముల్లు తిరిగే వైపు బిగించండి. సందే లేకపోతే దానికి ఎదురు దిశలో వదులు చేయండి. సరిగ్గా పట్టే అలెన్ కీ మాత్రమే వాడండి.

మూడవది, ఓపిక పట్టండి. ఒక్కసారికి పావు చుట్టుకు మించవద్దు. మరల శ్రుతి చేసి, మరల కొలవండి. చెక్క కుదురుకొనుటకు ఒక రాత్రి పట్టవచ్చు.

ఒక హెచ్చరిక! నట్టు బిగుసుకుపోయి ఉంటే బలం ఉపయోగించకండి. కడ్డీ తెగితే మెడనే మార్చవలసి రావచ్చు. అటువంటప్పుడు అనుభవమున్న రిపేరు పనివానికి చూపించండి. కొన్ని పాత ఫెండర్ బేస్‌లలో నట్టు మెడ అడుగున ఉంటుంది, మెడ విప్పితేగాని అందదు.

మరొక సంగతి జ్ఞాపకముంచుకోండి. తీగల ఎత్తును సరిచేయవలసింది బ్రిడ్జి దగ్గర, ట్రస్ రాడ్‌తో కాదు. ఒకే ఒక్క ఫ్రెట్ దగ్గర జరజర వస్తే, లోపం ఆ ఫ్రెట్‌లోనే ఉండవచ్చు.

కాబట్టి స్నేహితులారా, మీ గిటారును వదులుకొనక ముందు ఈ సందు ఒకసారి కొలిచి చూడండి. పావు చుట్టు మాత్రమే దానికి కావలసిందేమో!