మహేంద్రగిరి యాత్ర

శ్రీకాకుళ విజయనగర మండలములయందలి కలిగిన గృహస్థులు సెలవులు సమీపించినంతనే ఉదకమండలమునకో డార్జిలింగునకో ప్రయాణసన్నాహము గావింతురు. ముంగిటనున్న మహేంద్రగిరిని మాత్రము మందస పొలములనుండి చూచి తృప్తి నొందుదురు. ఈ సంవత్సరము వారి నటు మరలింపవలెనని మా కోరిక. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి మనకు దూరమైనది. 1501 మీటర్ల ఎత్తుగల ఈ గిరియు నేడు ఒడిశాలోని గజపతి జిల్లాలో నున్నది. అయినను యాత్రికునకు పొలిమేర అడ్డు కాదు.

యాత్రను శ్రీముఖలింగమున ప్రారంభించుట యుక్తము. తూర్పు గాంగరాజులు తమ తామ్రశాసనములందు మహేంద్రశిఖరమున వెలసిన గోకర్ణస్వామిని స్తుతించిరి. వారి రాజధానియగు కళింగనగరము ఈ ముఖలింగమేయని పలువురు చరిత్రకారుల నిర్ణయము. వంశధారా తీరమున మధుకేశ్వరుని సేవించి, పిమ్మట ఆ రాజులు మొక్కిన కొండ నెక్కినచో రెండింటికిని గల సంబంధము కన్నులకు కట్టును.

నౌపడానుండి గుణుపురము పోవు రైలుమార్గమున పర్లాకిమిడి కలదు. 1900లో సన్నపట్టాలపై ఆరంభమైన ఈ మార్గము నేడు బ్రాడుగేజి యైనది. అటనుండి కొండకు మోటారులు పోవును గాని, పైకి చేరిన పిమ్మట గుడినుండి గుడికి కాలినడకయే మేలు. బ్రహ్మాండమైన శిలలను పేర్చి కట్టిన భీముని గుడిని, కుంతి, యుధిష్ఠిరుల గుళ్ళను, రాజేంద్రచోళుని విజయశాసనమును తీరికగా చూడవలెను. ఆకాశము నిర్మలముగా నున్న యెడల శిఖరమునుండి సముద్రము కానవచ్చును.

ఇక కాలనిర్ణయము. మనవారు దసరా సెలవులనే కోరుదురు. అది మిక్కిలి ప్రమాదము. అక్టోబరు తుపానుల మాసము. 2018 అక్టోబరు 11న, నవరాత్రులలోనే, తిత్లీ తుపాను పలాస ప్రాంతమును ఊడ్చివేసినది; గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి పలువురు మరణించిరి. పిల్లలతోడను వృద్ధులతోడను పోవువారు సంక్రాంతి గడచిన పిమ్మట బయలుదేరవలెను. శివరాత్రికి జనసమ్మర్దము హెచ్చు. ఏకాంతము కోరువారు దానికి ముందే పోయివత్తురుగాక. రాత్రులు చలి గట్టిగా నుండును, కంబళ్ళు మరువరాదు. వసతి ముందుగా విచారించుకొననిదే కదలరాదు.

ఆ కొండలు సవరల నివాసములు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి వారి భాష నేర్చిరి, వారి బిడ్డలకు బడులు పెట్టిరి; 1931లో సవరభాషా వ్యాకరణమును వెలువరించిరి. ఆయన శిష్యుడై నేర్చిన చోటికి మనము దొరలవలె పోవుట తగునా? దారి చూపినవానికి పట్టణమున నిచ్చు కూలియే ఈయవలెను. సంతలో పసుపు, చింతపండు బేరమాడి సగము ధరకు గుంజుకొనుట సరసము కాదు. అడుగక ఛాయాచిత్రములు తీయరాదు. ఇంటినుండి కొనిపోయిన ప్లాస్టిక్ సంచులను, సీసాలను మరల ఇంటికే తేవలెను.

తిరుగు ప్రయాణమున మందసమీదుగా బారువకు దిగవచ్చును. కొండపైన పుట్టిన మహేంద్రతనయ అచ్చటనే సముద్రమున కలయును. స్నానమునకు మాత్రము అలల తీరెరిగిన పల్లెకారులను అడిగి దిగవలెను.