ముందు జరిగింది చెప్పండి

మందుల ఫ్యాక్టరీలో కొత్తగా షిఫ్ట్ ఇన్‌చార్జి అయిన కుర్రాళ్లకు శిక్షణ ఇవ్వడం నా ఉద్యోగం. మెషీన్ ఆగితే ఏం చేయాలో వాళ్లకు కంఠతా వచ్చు. మనిషితో మాట్లాడాల్సి వస్తేనే చెమటలు పడతాయి. "మేడమ్, ఆయన నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నాకు పని నేర్పిందే ఆయన. అన్నా అని పిలిచే మనిషిని ఎలా తప్పుపట్టేది?" ఎక్కువమంది అడిగేది ఇదే.

తప్పుపట్టొద్దు, జరిగింది చెప్పండి అంటాను. ప్యాకింగ్ లైన్‌లో బ్యాచ్ రికార్డు ఎప్పటికప్పుడు రాయాలి. షిఫ్ట్ చివర్లో గుర్తున్నంత రాసేస్తే కుదరదు. రాయలేదని తెలిసి "మీకసలు బాధ్యత లేదన్నా" అన్నారనుకోండి, ఆయన తన సర్వీసు పరువు కాపాడుకోవడానికి వాదనకు దిగుతాడు. రికార్డు సంగతి పక్కకు పోతుంది. "అన్నా, నిన్న బి షిఫ్టులో ఆరు తర్వాత ఎంట్రీలు లేవు. క్యూఏ వాళ్లు బ్యాచ్ హోల్డ్‌లో పెట్టారు" అంటే వాదించడానికి ఏముంటుంది? ఎప్పుడు, ఏం చేశారు, దానివల్ల ఏమైంది: ఈ వరుస అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ నేర్పే పద్ధతి. ఇందులో 'అన్నా' అన్న పిలుపును వదులుకోనక్కర్లేదు.

చెప్పాక ఆగడం ఇంకా కష్టం. ఆ నిశ్శబ్దం భరించలేక మనవాడే "పర్లేదులే, పెద్ద విషయమేం కాదు" అనేస్తాడు. అంతే, చెప్పిందంతా నీళ్లపాలు. "ఏమైందన్నా?" అని అడిగి ఊరుకుంటే, ఆ సాయంత్రం ఇద్దరి పని ఆయనొక్కడే చేశాడని బయటపడొచ్చు. అప్పుడు మార్చాల్సింది డ్యూటీ చార్టు.

హార్వర్డ్ నెగోషియేషన్ ప్రాజెక్టుకు చెందిన డగ్లస్ స్టోన్, బ్రూస్ ప్యాటన్, షీలా హీన్ 1999లో 'డిఫికల్ట్ కన్వర్జేషన్స్' అనే పుస్తకం రాశారు. ఇలాంటి ప్రతి సంభాషణలోనూ మూడు విషయాలు కలిసి నడుస్తాయన్నది వాళ్ల మాట: ఏం జరిగింది, మనసుకెలా ఉంది, దీంతో నేనెలాంటివాడినని తేలుతుంది. వయసులో పెద్దవాళ్లతో చిక్కంతా ఆ మూడోదాంతోనే.

అందుకే నలుగురిలో అనొద్దు. వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. కోపం మీద ఉన్నప్పుడు మాట్లాడొద్దు, అలాగని అప్రైజల్ దాకా దాచి ఏడాది చిట్టా విప్పొద్దు. ఆ వారంలోనే విడిగా కూర్చోండి. లేచేముందు ఎవరేం చేయాలో, మళ్లీ ఎప్పుడు కలవాలో రాసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం మీరు మధ్యవర్తిత్వం చేయకండి. లైంగిక వేధింపు జరిగిందని ఒక మహిళ చెబితే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం తగదు. 2013 నాటి చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి. దానికి మామూలుగా 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆమెకు ఆ దారి చూపించండి.

మిగతా వాటికి మీరే పూనుకోవాలి. వాయిదా వేస్తున్న ఆ మాటను ముందు కాగితం మీద పెట్టండి. అందులో మనిషి గుణాన్ని అన్న ముక్కలన్నీ కొట్టేయండి. మిగిలింది వెళ్లి చెప్పండి.