కోడిగుడ్డు తెల్లసొన చెప్పే పాఠం – ప్రొటీన్ల ఆకారం, కంప్యూటర్ జోస్యం



మన హాస్టల్లో కోడిగుడ్డు పెట్టే రోజంటే అందరికీ సంతోషమే. పచ్చిగుడ్డు పగలగొడితే తెల్లసొన జారిపోతుంది. ఉడికిస్తే గట్టిపడుతుంది. చల్లారిన తర్వాత కూడా మళ్ళీ జారదు. ఎందుకని? తెల్లసొనలో ఉన్నవి మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు. వేడికి వాటి ఆకారం చెడి, ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి. పదార్థం అదే, ఆకారం మారింది. ఆకారం మారితే గుణమూ మారుతుంది.

ఆకారం ఎందుకు ముఖ్యం?

20 రకాల అమైనో ఆమ్లాలు పూసల్లా వరుసగా గుచ్చుకుంటే ప్రొటీన్ తయారవుతుంది. ఆ దండ ముడుచుకుని ఒక ఆకారం పొందుతుంది. అన్నం అరిగించే ఎంజైములు, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ ఇలాంటివే. తాళంలో చెవి కుదిరినట్లు చాలా మందులు ప్రొటీన్‌లోని గాడిలో కుదిరితేనే పనిచేస్తాయి.

దీనికి మన పక్కనున్న భీమవరమే ఉదాహరణ. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. తర్వాత అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, దాన్ని పోలిన పదార్థాలను తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్ వల్ల రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు కొంతకాలం ఉపశమనం కలిగిందని 1948లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. సుబ్బారావు గారు ఆ ఏడాదే కన్నుమూశారు. ఆ కోవలోని మెథోట్రెక్సేట్‌ను వైద్యులు నేటికీ వాడుతున్నారు. ఆ మందు ప్రొటీన్ గాడిలో ఎలా కూర్చుంటుందో ఎక్స్‌కిరణాలతో తెలిసింది మాత్రం 1977లో. అంటే తాళాన్ని చూడకుండానే వారు చెవి చేశారన్నమాట!

ఎంత కష్టం!

ప్రొటీన్‌ను స్ఫటికంగా మార్చి, ఎక్స్‌కిరణాలు పంపి ఆకారం కనుక్కోవాలి. తెల్లసొనలోని లైసోజైమ్ ఆకారం 1965లో ఇలాగే తెలిసింది. అందులో 129 అమైనో ఆమ్లాలున్నాయి. ఒక్కొక్క ప్రొటీన్‌కు నెలలు, కొన్నిటికి ఏళ్ళు పట్టేది. 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం ఈ దండ ఏ కోణాల్లో వంగగలదో, ఏ కోణాల్లో వంగలేదో పటం గీసి చూపింది. ప్రపంచమంతా ఆ పటాన్ని ఇప్పటికీ వాడుతోంది. పూసల వరుస తెలిస్తే ఆకారం చెప్పగలమా అన్న ప్రశ్న మాత్రం అర్ధశతాబ్దం పాటు మిగిలిపోయింది.

కంప్యూటర్ ఎలా నేర్చుకుంది?

శాస్త్రజ్ఞుల జోస్యాలను పరీక్షించడానికి 1994 నుంచి రెండేళ్ళకొకసారి కాస్ప్ అనే పోటీ జరుగుతోంది. 2020లో డీప్‌మైండ్ సంస్థ కృత్రిమ మేధ ‘ఆల్ఫాఫోల్డ్ 2’ అందులో చాలా ప్రొటీన్లకు ప్రయోగాలతో దాదాపు సమానమైన ఆకారాలు ఇచ్చింది.

అది మాయ కాదు. శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కనుగొన్న సుమారు 1,70,000 ఆకారాలే దానికి పాఠ్యపుస్తకం. ఇంకో కిటుకు కూడా ఉంది. ఒకే ప్రొటీన్ అనేక జీవుల్లో కొద్ది తేడాలతో ఉంటుంది. జోడెడ్లలో ఒకదాన్ని మారిస్తే దానికి జత కుదిరే రెండోదాన్ని వెతుకుతాం కదా? అలాగే రెండు పూసలు ఎప్పుడూ జంటగా మారుతుంటే, ముడుచుకున్నాక అవి దగ్గరగా ఉంటాయని అర్థం.

2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలను అందరికీ ఉచితంగా ఇచ్చారు. 2024లో డెమిస్ హసాబిస్, జాన్ జంపర్, డేవిడ్ బేకర్ గార్లకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. బేకర్ గారికి కొత్త ప్రొటీన్లను రూపొందించినందుకు ఇచ్చారు.

మన చెరువులకు ఏమిటి?

1990లలో తెల్లమచ్చల వ్యాధి వచ్చి కోస్తాలో రొయ్యల చెరువులు ఊడ్చిపెట్టుకుపోయాయి. రైతుకు అప్పు మిగిలింది, కూలీకి పని పోయింది. ఆ వైరస్ పైపొరలోని వీపీ28 అనే ప్రొటీన్ ఆకారాన్ని 2007లో సింగపూర్ శాస్త్రజ్ఞులు ఎక్స్‌కిరణాలతో చూపించారు. అయినా ఆ వ్యాధిని నయం చేసే మందు నేటికీ లేదు. పరీక్ష చేసిన పిల్లను వేయడం, చెరువును శుభ్రంగా ఉంచడమే రక్ష. ఆకారం తెలియడం తొలిమెట్టు మాత్రమే అని దీన్నిబట్టి గ్రహించాలి.

కంప్యూటర్ జోస్యానికీ హద్దులున్నాయి. ఏ భాగంపై ఎంత నమ్మకమో అదే రంగుల్లో చెబుతుంది: ముదురు నీలం అయితే గట్టి నమ్మకం, నారింజ అయితే అనుమానం. ఒక్క పూస మారితే కలిగే ఫలితాన్ని అది సరిగా చెప్పలేకపోవచ్చు. ఏజెన్సీలో కనిపించే సికిల్ సెల్ వ్యాధికి మూలం 146 పూసల దండలో ఆరో పూస మారడమే! అందుకే ప్రయోగశాలలో పనిచేసే మనుషుల అవసరం తీరలేదు.

తమ్ముళ్ళారా, బైపీసీ వారికి లెక్కలతో పని లేదనీ, ఎంపీసీ వారికి జీవశాస్త్రం అక్కర్లేదనీ అనుకోకండి. ఈ విజయం రెండూ కలిసినందువల్లే వచ్చింది. ఏలూరులో చదివినా, తాడేపల్లిగూడెం నిట్‌లో సీటు తెచ్చుకున్నా ఈ ఖజానాకు ఫీజు లేదు. ఇంటర్నెట్ దొరికిన రోజున ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ తెరిచి, కోడిగుడ్డు లైసోజైమ్ పేరు కొట్టి చూడండి. మన కంచంలోని గుడ్డులో ఏముందో కళ్ళారా కనిపిస్తుంది. మన ఊళ్ళ రొయ్యకు, మన ఏజెన్సీ బిడ్డకు పనికొచ్చే ప్రశ్న వేసేవాడు మన హాస్టల్ నుంచే రావాలని నా కోరిక.

– ఒక పూర్వ విద్యార్థి