లాంతరు ఇంధనంతో అట్లాంటిక్ దాటింది!

మీకు తెలుసా? కెనడా తూర్పు కొసన, న్యూఫౌండ్‌ల్యాండ్‌లోని కేప్ స్పియర్ నుంచి ఒక బుల్లి మోడల్ విమానం ఎగిరింది. లోపల మనిషి లేడు! కింద ఎటు చూసినా నీళ్లే! అయినా సముద్రం దాటేసి ఐర్లండ్‌లో క్లిఫ్డెన్ ఊరి దగ్గర దిగింది. జరిగింది 2003 ఆగస్టులో!

ఎంతసేపు ఎగిరిందంటారా? 38 గంటల 52 నిమిషాలు! మధ్యలో ఆగలేదు, దిగలేదు. రెండు రాత్రులు చీకట్లోనే దారి పట్టుకుని పోయింది. దాని పేరు టామ్-5. ఇది ఐదో ప్రయత్నం. ముందు పంపిన నాలుగూ అవతలి ఒడ్డు చూడనే లేదు!

అసలు రహస్యం ట్యాంకులో ఉంది. అందులో పోసింది క్యాంపు లాంతర్లలో పోసే కోల్‌మన్ ఇంధనం! కెనడాలో అడవులకు, చెరువు గట్లకు విహారానికి వెళ్లేవాళ్లు స్టవ్వుల్లో వాడుకునే రకం. దానికి కాస్త కందెన నూనె కలిపారు. మొత్తం కలిపి 4 లీటర్లు కూడా లేదు!

పోల్చి చూడండి. 1919లో ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు వీరులు అదే న్యూఫౌండ్‌ల్యాండ్ నుంచి బయల్దేరి, ఐర్లండ్‌లో అదే క్లిఫ్డెన్ ఊరి దగ్గర దిగారు. ఆగకుండా అట్లాంటిక్ దాటిన మొదటి విమానం వాళ్లదే. అందులో నింపిన పెట్రోలు దాదాపు 3,900 లీటర్లు! మన బుల్లి విమానానికి అందులో వెయ్యో వంతు చాలింది!

మోడల్ ఇంజన్లలో మామూలుగా పోసేది మిథనాల్ కదా, దాన్నెందుకు వదిలేశారు? ఇక్కడే ఉంది తెలివంతా! ఒకే మోతాదు గాలికి పెట్రోలు రకం ఇంధనం ఒక పాలు కాలితే, మిథనాల్ 2.3 పాళ్లు కాలిపోతుంది. మిథనాల్ పోసి ఉంటే నడి సముద్రంలోనే ట్యాంకు ఖాళీ! అందుకే ఇంజన్లో స్పార్క్ పెట్టి, లాంతరు ఇంధనానికి అలవాటు చేశారు. నన్నడిగితే మోడల్ విమానాల చరిత్రలో ఇంతకంటే గొప్ప ఇంధన నిర్ణయం లేదు!

ఇంకోటి వినండి! మోడల్ విమానాల రికార్డు నిబంధనల ప్రకారం విమానం బరువు 5 కిలోలు దాటకూడదు. టామ్-5 బయల్దేరినప్పుడు ఆ బరువులో సగానికి దగ్గరగా ఇంధనమే! మిగతాదంతా తేలికపాటి కర్ర, ఫైబర్, చిన్న ఇంజను.

దీన్ని తయారు చేసిన మేనార్డ్ హిల్ వయసు అప్పటికి 77 ఏళ్లు! అమెరికావాడు. చూపు దాదాపు పోయింది, వినికిడీ తగ్గింది. అయినా వేళ్లతో తడిమి తడిమి విమానాలు కట్టాడు! ఐర్లండ్‌లో దిగాక ట్యాంకు చూస్తే మిగిలింది రెండు ఔన్సుల లోపే! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది!

సరే, మామూలు బుల్లి ఇంజన్ల సంగతికి వద్దాం. కెనడా మైదానాల్లో ఎగిరే మోడల్ విమానాల కడుపులో మన ఆముదం ఉంటుందంటే నమ్ముతారా? ప్రపంచంలో పండే ఆముదం గింజల్లో 80 శాతానికి పైగా మన దేశానివే! గుజరాత్‌ది మొదటి స్థానం. మన మహబూబ్‌నగర్, నల్గొండ చెలకల్లోనూ పండుతుంది. ఆ నూనె మిథనాల్‌లో చక్కగా కలిసిపోతుంది, ఇంజను కాగిపోయినా లోహాన్ని వదలదు. ఆ పొగ వాసన ఒకసారి ముక్కుకు తగిలిందా, మోడల్ విమానాలవాళ్లు ఇక మరిచిపోలేరు!

కెనడా యుద్ధవీరుడు బిల్లీ బిషప్ విమానానికీ ఆముదమే దిక్కు! 1917లో ఆయన నడిపిన న్యూపోర్ట్ విమానంలో ఇంజను మొత్తం గిరగిరా తిరిగేది. దానికి కందెన ఆముదమే. ఆ నూనె తుంపర పీల్చి పీల్చి అప్పటి పైలట్లకు విరేచనాలు పట్టుకునేవి!

మిథనాల్ ఇంజను స్టార్ట్ చేయడానికి ఎంత కరెంటు కావాలి? 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్కటి చాలు! గ్లో ప్లగ్గులోని తీగ ఎర్రబడుతుంది, ఇంజను అందుకుంటుంది. ఇక బ్యాటరీ తీసేయండి! తీగలోని ప్లాటినం మిథనాల్ ఆవిరి తగిలి, లోపలి మంట వేడికి తనంతట తానే ఎర్రగా వెలుగుతూ ఉంటుంది! అదే ఇంజన్లో ఉత్త పెట్రోలు పోశారో, ప్లగ్గు చల్లారిపోతుంది. ప్లాటినానికి మిథనాల్‌తోనే చుట్టరికం!

మిథనాల్‌లో కలిపే నైట్రోమీథేన్ మాయ ఇంకా వింత! తనకు కావలసిన ప్రాణవాయువులో కొంత తనతోనే మోసుకొస్తుంది. కిలో పెట్రోలు కాలాలంటే 15 కిలోల దాకా గాలి కావాలి. కిలో నైట్రోకు 1.7 కిలోలు చాలు! అందుకే అదే బుల్లి సిలిండర్లో మరింత ఇంధనం కాల్చి, మరింత బలం తీయవచ్చు.

ఇంత బలమున్న నైట్రోను ఊరికే వదులుతారా? నైట్రోమీథేన్ కెనడాలో పేలుడు పదార్థాల ముడిసరుకుగా నియంత్రణలో ఉంది!

మరి నైట్రో లేకపోతే వేగం రాదా? ఎంత మాట! అంతర్జాతీయ వేగం పోటీల్లో అందరికీ ఒకటే ఇంధనం ఇస్తారు. నాలుగు పాళ్లు మిథనాల్, ఒక పాలు ఆముదం. చుక్క నైట్రో ఉండదు! అయినా తీగ కొసన గిర్రున తిరిగే ఆ విమానాలు గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగం అందుకుంటాయి!

చుక్క చుక్కా లెక్కపెట్టే పోటీ ఇంకొకటుంది. టీమ్ రేస్! అందులో ట్యాంకు పరిమాణం 7 మిల్లీలీటర్లు! అంతే! అందుకే అక్కడ గెలిచేది తక్కువ తాగే డీజిల్ ఇంజను. ఇంధనం అయిపోగానే తోడుండే మెకానిక్ విమానాన్ని చేత్తో పట్టుకుని, నింపి, మళ్లీ వదులుతాడు. కళ్లార్పేలోపే!

ఆగండి! డీజిల్ అన్నానని బంకు డీజిల్ పోసేరు! మోడల్ డీజిల్ అంటే ఈథర్, కిరసనాయిలు, ఆముదం కలిపిన కషాయం. ప్లగ్గూ లేదు, బ్యాటరీ లేదు. గాలిని గట్టిగా నొక్కితే చాలు, భగ్గుమంటుంది! కానీ ఈథర్ 35 డిగ్రీలకే మరిగిపోతుంది. మన మే నెల ఎండలో సీసా మూత తీసి పెట్టారంటే ఇంధనంలో ప్రాణమే ఎగిరిపోతుంది!

కెనడా చలికి ఇంధనం గడ్డకట్టదా? మిథనాల్ గడ్డకట్టాలంటే సున్నా కింద 97 డిగ్రీలు కావాలి! యూకాన్‌లోని స్నాగ్‌లో 1947లో పడిన రికార్డు చలి కూడా దాన్ని ఏమీ చేయలేదు! పేచీ అంతా ఆముదంతోనే. చలికి చిక్కబడిపోతుంది. అందుకే మంచు మీద స్కీలు కట్టి ఎగరేసేవాళ్లకు సింథటిక్ నూనె ఎక్కువ కలిపిన రకం సుఖం.

అన్నట్టు, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మిథనాల్ తయారు చేసే కంపెనీ ఎక్కడిది? కెనడాదే! వాంకూవర్‌లోని మెథనెక్స్! ఆల్బర్టాలోని మెడిసిన్ హ్యాట్ ఊళ్లో దాని ఫ్యాక్టరీ సహజవాయువు నుంచి మిథనాల్ తీస్తుంది. 2011లో మళ్లీ తెరిచారు!

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. మిథనాల్ మంట పట్టపగలు కంటికి కనబడదు! అంటుకుందని తెలిసేసరికి చెయ్యి కాలిపోతుంది. 10 మిల్లీలీటర్లు కడుపులోకి పోయినా చూపు పోవచ్చు! పిల్లలున్న ఇంట్లో సీసాకు తాళం తప్పదు!

ఇప్పుడు బుల్లి ఇంజన్లలోకెల్లా బుల్లిది! కాక్స్ కంపెనీ టీడీ .010. దాని సిలిండర్ పరిమాణం 0.16 సీసీ! అది బొమ్మ కాదు, నిజంగా విమానాన్ని ఎగరేసే ఇంజనే! ఇంతకంటే చిన్న ఇంజను ఏదీ ఫ్యాక్టరీలో ఇంత పెద్ద సంఖ్యలో తయారు కాలేదు!

కాక్స్ ఇంజన్ల తయారీ 2009లో ఆగిపోయింది. మిగిలిన సరుకంతా ఎవరు కొన్నారు? అమెరికా, కెనడా అభిమానులు! అందుకే పాత కాక్స్ ఇంజన్లకు ఇప్పటికీ విడిభాగాలు దొరుకుతున్నాయి. మీ చేతికి ఒకటి చిక్కిందా, ఇంధనం కొనేముందు డబ్బా మీది చీటీ చదవండి. నూనె 20 శాతం దాకా ఉండాలి, అందులో కనీసం సగం ఆముదం! పెద్ద ఇంజన్లకు అమ్మే పలుచని రకం పోశారా, పిస్టన్ కింద ఉండే ఆ చిన్న గుండు కీలు అరిగిపోతుంది! ఎగరేయడం అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్లో రెండు చుక్కల నూనె వేసి, ప్రొపెల్లర్‌ను నాలుగుసార్లు చేత్తో తిప్పండి. తుప్పు దగ్గరికి రాదు!