సముద్రం మీదికి వెళ్ళేవారికి ఏ బట్ట కోటు?

జూన్ 14తో మన తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ముగుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులపాటు ఒడ్డున కట్టేసి ఉన్న మర పడవలు మళ్ళీ నీళ్ళ మీదికి వెళ్ళేది సరిగ్గా వానలు మొదలయ్యే రోజుల్లోనే. మా విశాఖపట్నంలో హార్బరు దగ్గరి ఇళ్ళల్లో ఆ వారమంతా ఆడవాళ్ళకి ఊపిరాడదు. బియ్యం, పచ్చళ్ళు, మందులు, దుప్పటి, సబ్బు అన్నీ సర్దాలి. అన్నిటికన్నా ఆఖరున గుర్తొచ్చేది వానకోటు. పిల్లాడికి స్కూలు కోటు కొన్నట్టే రంగు చూసి, రేటు చూసి, సైజు సరిపోతే చాలనుకుని కొనేస్తుంటారు చాలామంది.

మావారు ఇరవై ఏళ్ళకు పైగా మర పడవ మీద వెళ్తున్నారు. వెళ్తే పది, పదిహేను రోజులు. నేనేమో ఇంటర్ చదివి ఇంట్లో మిషను కుట్టుకునేదాన్ని. బట్ట సంగతి కాస్త నాకు తెలుసు, పడవ సంగతి ఆయనకి తెలుసు. ఆ రెండూ కలిపి మీకు చెబుతాను. మీ ఇంట్లో వేటకి వెళ్ళేవాళ్ళు లేకపోయినా, కొడుకో మరిదో ఓడ ఉద్యోగంలో ఉంటే ఇవి పనికొస్తాయి.

ముందుగా ఒక్కటి గమనించండి. రోడ్డు మీద వాన పైనుంచి పడుతుంది. సముద్రం మీద నీళ్ళు పక్కనుంచి, ముందునుంచి, ఒక్కోసారి కిందినుంచి కూడా వస్తాయి. స్కూటరు మీద వెళ్ళే మనిషి అరగంటలో ఇల్లు చేరి కోటు విప్పేస్తాడు. పడవ మీది మనిషి అదే కోటుతో వల లాగాలి, తడి చెక్క మీద మోకాళ్ళు ఆనించాలి, అంచుకి పొట్ట ఆనించి వంగాలి. అలా నొక్కుకున్న చోట, మామూలుగా వానకి ఆగే బట్టలోంచి కూడా నీళ్ళు లోపలికి దిగుతాయి. పైగా అవి ఉప్పు నీళ్ళు. తడిసిన చొక్కా మణికట్టు దగ్గర, మెడ దగ్గర రోజంతా ఒరుసుకుంటే పుళ్ళు పడతాయి. పదిహేను రోజుల తరువాత ఇంటికొచ్చిన మనిషికి కొబ్బరి నూనె రాసిన ఇల్లాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

నీళ్ళు ఆపే బట్ట ఇవాళ్టిది కాదు. మన గొర్రెల కాపరుల గొంగడి, మన పొలాల్లోని తాటాకు గిడుగు ఏనాటివో. 1823లో గ్లాస్గోలో చార్లెస్ మాకింతోష్ అనే ఆయన కరిగించిన రబ్బరుని రెండు బట్టల మధ్య పూసి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ ఇంగ్లీషు వాళ్ళు వానకోటుని ఆయన పేరుతోనే పిలుస్తారు. నాకు ఇంకా నచ్చిన కథ నార్వే దేశానిది. హెల్లీ యూయెల్ హాన్సెన్ అనే ఓడ కెప్టెను, ఆయన భార్య మార్గరెథె కలిసి 1877లో ముతక నార బట్టని అవిసె నూనెలో నానబెట్టి నావికులకి కోట్లు, ఫ్యాంట్లు చెయ్యడం మొదలుపెట్టారు. ఆ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. కథ చెప్పేటప్పుడు భార్య పేరు చాలామంది మరిచిపోతారు, అందుకే ఇక్కడ రాశాను!

ఇక ఇప్పుడు బజారులో దొరికేవి చూద్దాం. స్థూలంగా మూడు రకాలు.

మొదటిది పీవీసీ. పల్చటి అల్లిక బట్ట మీద దళసరిగా ప్లాస్టిక్ పూత వేసినది. చేత్తో పట్టుకుంటే బరువుగా, నున్నగా, టేబుల్ మీద పరిచే రెక్సిన్‌లా ఉంటుంది. నీరు చుక్క కూడా దిగదు. చేప నూనె, పొలుసులు అంటినా సబ్బు నీళ్ళతో పోతాయి. వల గీరుకున్నా ఓర్చుకుంటుంది. అతుకులు సూదితో కాకుండా వేడితో అతికించే వీలుంది కాబట్టి సూది రంధ్రాలుండవు. ధర తక్కువ. లోపమేమిటంటే గాలి అసలు ఆడదు, లోపల చెమట కారిపోతుంది. ఎండలో పడేస్తే కొన్నాళ్ళకి మెత్తదనం పోయి, మడతల దగ్గర పగులుతుంది.

రెండోది నైలాను గానీ పాలిస్టరు గానీ నేసి లోపలివైపు పాలియురిథేన్ పూత వేసినది. దుకాణంలో పీయూ అంటారు. తేలిక, మడిస్తే చిన్న సంచీలో పడుతుంది. కానీ రాపిడికి ఆగదు. మన తేమకి, ఉక్కకి తడిగా మూటకట్టి ఉంచితే ఆ పూత జిగటగా మారి పొట్టులా ఊడి వస్తుంది. పాత హ్యాండుబ్యాగు లోపలి లైనింగు పొట్టు రాలడం మీరు చూసే ఉంటారు, ఇంచుమించు అదే జబ్బు. నైలానా, పాలిస్టరా అని అడిగితే నేను పాలిస్టరు అంటాను. నైలాను తన బరువులో సుమారు 4 శాతం తేమ పీల్చుకుంటుంది, పాలిస్టరు అర శాతం కూడా పీల్చదు. ఎండకి కూడా పాలిస్టరే ఎక్కువ కాలం ఆగుతుంది. చింపడానికి మాత్రం నైలాను గట్టిది.

మూడోది బాగా ఖరీదైనది, 'ఊపిరి పీల్చే' బట్ట అని అమ్ముతారు. మన నాన్‌స్టిక్ పెనం మీద ఉండే టెఫ్లాన్ ఉంది కదా, దాన్ని సాగదీస్తే కంటికి కనబడని రంధ్రాలున్న పొర వస్తుందని 1969లో అమెరికాలో బాబ్ గోర్ కనిపెట్టాడు. నీటి చుక్క ఆ రంధ్రాల్లోంచి దూరలేదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. ఆ పొరని రెండు బట్టల మధ్య అతికిస్తారు.

వినగానే మూడోదే కొనాలనిపిస్తుంది. ఆగండి! ఇడ్లీ పాత్రని గుర్తు తెచ్చుకోండి. ఆవిరి ఎప్పుడూ ఎక్కువున్న చోటునుంచి తక్కువున్న చోటుకి వెళ్తుంది. కోటు లోపల వెచ్చగా చెమటగా ఉండి, బయట చల్లగా ఉంటేనే లోపలి ఆవిరి బయటికి తోసుకుపోతుంది. ఉత్తర ఐరోపా సముద్రాల మీద అది జరుగుతుంది. జులై నెలలో మన విశాఖ తీరంలో బయటే ఆవిరి పట్టినట్టుంటుంది. లోపలి ఆవిరి ఎక్కడికని పోతుంది? అక్కడ మూడింతలు పోసి కొన్న కోటు కూడా దాదాపు మామూలు కోటులాగే పనిచేస్తుంది. చేప నూనె, డీజిలు, ఉప్పు పట్టాయంటే ఆ కాస్త ఊపిరీ మూసుకుపోతుంది. అందుకని నా అభిప్రాయం: చలి దేశాల వైపు ఓడ మీద వెళ్ళే పిల్లాడికి, డబ్బుంటే, మూడోది కొనండి. మన తీరంలో వల లాగే మనిషికి పీవీసీ. వాన పడుతుంటే చుక్కాని దగ్గర నిలబడే మనిషికి పీయూ పూత పాలిస్టరు చాలు. మన దగ్గర చెమటకి మందు బట్టలో కాదు, కత్తిరింపులో ఉంది. చంకల కింద గాలి రంధ్రాలు, వీపు మీద వదులు మడత, వదులైన కొలత ఉన్నాయేమో చూడండి. వాన వెలవగానే కోటు విప్పెయ్యమని చెప్పండి. ఉక్కలో ప్లాస్టిక్ తొడుక్కుని బరువు పని చేస్తే ఒంట్లో వేడి పెరిగి కళ్ళు తిరుగుతాయి, మనిషి పడిపోవచ్చు కూడా. చాలామంది కళాసీలు కోటు మానేసి, భుజాల మీదికి పట్టీలున్న పీవీసీ ఫ్యాంటు ఒక్కటే వేసుకుంటారు. అది తెలివైన పనే, నడుము నుంచి కాళ్ళ దాకా పొడిగా ఉంటుంది, వీపుకి గాలి ఆడుతుంది.

లేబులు మీది అంకెలు కూడా చెబుతాను. 5,000 మి.మీ., 10,000 మి.మీ. అని ఉంటుంది. బట్టని బిగించి నీటి ఒత్తిడి పెంచుతూ పోతారు. ఎంత ఎత్తు నీటి బరువుకి అవతలివైపు చుక్కలు తేలతాయో అదే ఆ అంకె. 10,000 అంటే పది మీటర్లు, మూడంతస్తుల మేడంత ఎత్తు నీరన్నమాట. అంకె ఎంత పెద్దదైతే మోకాలు ఆనించినప్పుడు అంత బాగా ఆగుతుంది. కానీ అది కొత్త బట్టకి ఇచ్చిన అంకె. కుట్టుకి కాదు, రెండేళ్ళ పాత కోటుకి కాదు. డెనియర్ అని ఇంకోటుంటుంది, 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అది. అంకె పెరిగితే దారం లావు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

అంకెలకన్నా నాకు నమ్మకం నీళ్ళ చెంబు మీద. కోటు వీపు భాగాన్ని దోసిలిలా గుంట చేసి చెంబెడు నీళ్ళు పొయ్యండి. కింది నుంచి వేలితో గట్టిగా నొక్కండి. వేలు తడిస్తే అది పడవకి పనికిరాదు. తరువాత చేతిని తలకిందులు చేసి భుజం కుట్టు దగ్గర నీళ్ళు నిలబెట్టండి, పది నిమిషాలు ఆగండి. నూటికి తొంభై కోట్లు ఇక్కడే దొరికిపోతాయి అంటారు మావారు. ఆయన లెక్కకేం గాని, కుట్టే అసలు దొంగ అన్నది మాత్రం నిజం. మిషను వేసిన ప్రతి కుట్టూ ఒక రంధ్రమే కదా! కోటు తిరగేసి చూస్తే కుట్ల మీద లోపలివైపు పట్టీ అంటించి ఉండాలి. పట్టీ అంచులు గోరుతో గీకితే లేవకూడదు. ఇందుకే చేతులు పొడుగైనాయని ఇంట్లో మిషను మీద కుట్టి పొట్టి చెయ్యకండి. మడిచి గుండీ పట్టీతో బిగించుకోమనండి. నేను మిషను పెట్టుకుని కూడా ఈ కోట్ల మీద సూది పెట్టను.

'ఊపిరి' బట్ట అని అమ్మితే దానికీ ఓ పరీక్ష ఉంది. గ్లాసులో సగానికి వేడి నీళ్ళు పోసి, మీద ఆ బట్ట బిగించి పట్టి, పైన చల్లటి స్టీలు పళ్ళెం ఉంచండి. కాసేపటికి పళ్ళెం అడుగున మంచు పట్టినట్టు మసకేస్తే ఆవిరి వస్తున్నట్టే. దుకాణదారు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

ఇప్పుడు ప్రాణానికి సంబంధించిన మాటలు. పడవ మీద వల లాగే మర చక్రం తిరుగుతుంటుంది. టోపీకి వేలాడే తాడు, వదులుగా ఊగే చేతి అంచు, బయట కుట్టిన జేబు, కొక్కెం, ఇవన్నీ వలలోనో చక్రంలోనో చిక్కుకుంటే మనిషిని లాగేస్తాయి. తాడు చివర్లు లోపలికి దోపే వీలుండాలి, మణికట్టు దగ్గర బిగుతుగా పట్టీ ఉండాలి, జేబులు లోపలివైపే ఉండాలి. మిగతా కోటు ఎంత వదులుగా ఉన్నా పరవాలేదు, ఈ మూడూ మాత్రం చూడండి.

రంగు దగ్గర మగవాళ్ళు నీలం, బూడిద రంగు అడుగుతారు, మాపు కనబడదని. నీళ్ళలో పడిన మనిషీ కనబడడు. పసుపు, నారింజ, మెరిసే చిలకపచ్చ, వీటిలో ఏదైనా సరే. చీకట్లో లైటు పడితే మెరిసే పట్టీలు భుజాల మీద, టోపీ మీద ఉంటే ఇంకా మంచిది. కోటు ఎంత మంచిదైనా మనిషిని నీళ్ళలో తేల్చదు. లైఫ్ జాకెట్టు కోటు పైనే వేసుకోవాలి. గాలి నిండి ఉబ్బే రకమైతే మరీనూ, కోటు లోపల వేసుకుంటే ఉబ్బినప్పుడు ఛాతీని నొక్కేస్తుంది. కాబట్టి కోటు కొనేటప్పుడే లైఫ్ జాకెట్టు తీసుకెళ్ళి దానిమీద తొడిగించి చూడండి.

ఇంటికొచ్చాక పని మనదే. ముందు మంచినీళ్ళతో లోపలా బయటా ఉప్పంతా పోయేలా కడగండి. ఎండిన ఉప్పు గాలిలో తేమని లాక్కుని కోటుని ఎప్పుడూ చెమ్మగా ఉంచుతుంది, జిప్పుల్ని తినేస్తుంది. తరువాత నురగ తక్కువగా, మామూలు సబ్బు నీళ్ళు. చాకలి సోడా, బ్లీచింగు, బట్టలు మెత్తబడే ద్రావకం వద్దు. మరకకి కిరోసిను, పెట్రోలు, థిన్నరు అసలు తగలనివ్వకండి, మరకతో పాటు పూత కూడా ఊడుతుంది. కొత్త కోటు మీద నీళ్ళు తామరాకు మీదిలా గుండ్రంగా జారిపోతాయి. అది పైపూత. అది అరిగితే పై బట్ట తడిసి బరువెక్కుతుంది గాని వెంటనే లోపలికి నీరు దిగదు, కోటు పాడైందని పారెయ్యకండి. ఈ పైపూతకి చాలాకాలం వాడిన ఫ్లోరిన్ రసాయనాలు మట్టిలో, నీళ్ళలో ఎన్నేళ్ళకీ విరగవని 2025 జనవరి నుంచి కాలిఫోర్నియాలో కొత్త బట్టల్లో నిషేధించారు. భారీ వానలకు కుట్టే ప్రత్యేక కోట్లకి మాత్రం 2028 దాకా గడువిచ్చారు. అవి లేని పైపూతలు ఇప్పుడు వస్తున్నాయి, లేబులు చదవండి.

పీవీసీకి ఇస్త్రీ పెట్టె దగ్గరికి కూడా తేవద్దు. నీడలో ఆరేసి, మడవకుండా లావుపాటి కర్ర హ్యాంగరుకి వేలాడదీయండి. చిరిగితే సైకిలు ట్యూబుకి వేసే సొల్యూషను పీవీసీకి సరిగ్గా పట్టదు, పీవీసీ జిగురే అడిగి తెప్పించుకోండి. నిషేధం రోజుల్లో కోటు రెండు నెలలు ఊరికే వేలాడుతుంటుంది కదా, మే నెలాఖరులో ఓసారి కిందికి దించి భుజం కుట్ల దగ్గర మళ్ళీ నీళ్ళు పోసి చూడండి. కారితే, కొత్తది వెతుక్కోవడానికి ఇంకా రెండు వారాల టైముంటుంది.