సింహళయాత్రకుఁ దగిన కాలము

శ్రీలంక కెప్పుడు పోవలెనని యడుగుటకు ముందు, అందే తీరమునకుఁ బోవలెనో నిశ్చయించుకొనవలెను. ఈ సంగతి మేము కష్టపడి తెలిసికొంటిమి.

అష్టాదశ శక్తిపీఠములలో నొకటియైన శాంకరీదేవిని దర్శింపవలెనని మా యత్తగారి చిరకాలవాంఛ. డిసెంబరులో సెలవు దొరకినది గదా యని త్రింకోమలికిఁ బోతిమి. మూడు దినములు ముసురు విడువలేదు. దర్శన మెట్లో యయ్యెను గాని, అత్తగారు తడిసి జ్వరపడిరి.

దీనికిఁ గారణము ద్వీపమధ్యమందలి కొండలు. మే మొదలు సెప్టెంబరు వఱకు వీచు నైరృతిపవనములు కొలంబో, గాల్ ప్రాంతములను, పడమటి చఱియలను దడిపి, కొండలు దాటునప్పటికిఁ బొడిగాలులగును. అప్పుడు తూర్పుతీరమున ఎండ మిక్కుటమైనను సముద్రము శాంతముగ నుండును. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వఱకు ఈశాన్యపవనములు తూర్పువైపును దడుపును. అక్టోబరు, నవంబరు మాసములలో దేశమంతటను వానలే. తుపాను భయమును గలదు.

కావున కొలంబో, గాల్ చూడఁదలఁచినవారికి జనవరి మొదలు మార్చి వఱకు మంచికాలము. శాంకరీదర్శనమునకు మే నెల మేలు. మన పిల్లల వేసవిసెలవులును అప్పుడే. వృద్ధులను వెంటఁ గొనిపోవువారు ముందు గాలి నడిగి, పిమ్మట టిక్కెట్టు కొనుట మంచిది.