పాత జీపు పోషణము

మోటారు బండి నడుపు స్త్రీలు నేడు మన పల్లెలలోను గలరు. కాని బండి క్రింద దూరి, నూనె మార్చి, మరలు బిగించు స్త్రీని జూచినచో ఇరుగుపొరుగువారు ఇంకను నవ్వుదురు. నన్ను జూచియు నవ్విరి. కుట్టుమిషనుకు నూనె వేయుట, స్టవ్వు విప్పి శుభ్రపరచుట, పిండిమరకు పట్టీ మార్చుట మనకు తెలిసిన పనులే గదా. జీపు వానికంటె పెద్దదే కాని, నెమ్మదిగా చూచువారికి అంత దుర్గ్రాహ్యమైనది కాదని పదేండ్లకు మించిన అనుభవముతో చెప్పగలను. ఇంటిలో అట్టి పాతబండి యున్న సోదరీమణులకు ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది నంద్యాల ప్రాంతమున కుందూనది దాపుననున్న యొక పల్లె. నేల యంతయు నల్లరేగడి. వేసవిలో బెత్తెడు వెడల్పున నెర్రెలు విచ్చు ఆ నేలయే, నాలుగు చినుకులు పడగానే బంకయై చక్రములకు చుట్టుకొనును. మా మామగారు 1991లో ఒకరు వాడిన మహీంద్రా 540 రకపు జీపును కొనిరి. దానికి పెజో డీజిలు ఇంజను. విత్తనములు, ఎరువుల బస్తాలు, పెండ్లివారు, రోగులు, అందరును దానియందే ప్రయాణము చేసిరి.

జీపు యుద్ధమునకై పుట్టిన బండి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున విల్లీసు, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరులక్షలకు పైగా వీనిని తయారుచేసెను. మన దేశమున వీనిని కూర్చిన సంస్థ 1945లో లుధియానాలో మహీంద్రా అండ్ మొహమ్మద్ అను పేరుతో వెలసినది. దేశవిభజనమైన పిమ్మట ఆ రెండవ భాగస్వామియైన గులాం మహమ్మదుగారు పాకిస్థానునకు మొదటి ఆర్థికమంత్రి యగుటచే, 1948లో సంస్థ తన పేరును మహీంద్రా అండ్ మహీంద్రాగా మార్చుకొనెను. మా ఇంటి జీపునకు ఇంత చరిత్ర కలదని తెలిసిననాడు మా అత్తగారు, "అయితే ఇది మనకంటె పెద్దింటిది" అనిరి.

సామాన్యపు కారులో ఇంజను బలము రెండు చక్రములకే పోవును. జీపులో నాలుగింటికిని పంపవచ్చును. గేరుపెట్టె వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అను మరియొక పెట్టె యుండును. దాని మీటను కదల్చినచో ముందు ఇరుసునకు పోవు ప్రొపెల్లర్ షాఫ్టు కూడ తిరుగ నారంభించును. మా బండిలో ముందు చక్రముల నడుమ, హబ్బుల మీద, చేతితో త్రిప్పు బిళ్ళలు కూడ గలవు. వానిని త్రిప్పి బిగించిననే గాని ముందు ఇరుసు చక్రములను పట్టుకొనదు. మంచిదారిలో వదలిపెట్టి యుంచినచో డీజిలు కొంత కలిసివచ్చును. ఆ పొదుపే మాకు ముప్పు తెచ్చినది.

మామగారు 2010లో కాలధర్మము నొందిరి. ఆయన యున్నంతకాలము నెలకొకమారు ముందు చక్రములను కలిపి పొలముదారిని త్రిప్పెడివారు. ఆయనకదియొక సరదా యని మేమనుకొంటిమి. తరువాత మూడేండ్లు ఎవరును ఆ మీటను తాకలేదు. 2013 అక్టోబరు వానలలో నొక రాత్రి మా తోడికోడలికి నొప్పులు మొదలయ్యెను. మా మరది బండి తీసెను. ఊరి వెలుపలి వాగు దాటి గట్టెక్కుచుండగా వెనుక చక్రములు బురదలో తిరుగుచు అచ్చటనే గుంట త్రవ్వుకొనెను. ముందు చక్రములను కలుపుదమని నేను దిగి హబ్బు బిళ్ళను పట్టితిని. అది కదలలేదు. పట్టకారుతో త్రిప్పిన కొస విరిగి చేతికి వచ్చెను. లోన మీట కూడ సగము దూరము పోయి నిలిచిపోయెను. మరది ఊరిలోనికి పరుగెత్తి ట్రాక్టరు తెచ్చుటకు రెండు గంటలు పట్టినది. ఆ రెండు గంటలు ఆమె నా చేయి పట్టుకొని యుండిన తీరు నేను మరువజాలను. తెల్లవారుజామున నంద్యాల ఆసుపత్రిలో మగశిశువు కలిగెను. తల్లియు బిడ్డయు క్షేమముగా బయటపడుట దైవానుగ్రహమే గాని మా ప్రయోజకత్వము కాదు.

వారము గడచినపిమ్మట బండిని నంద్యాలలో నొక వృద్ధ మేస్త్రీ యొద్దకు తీసికొనిపోతిమి. ఆయన హబ్బు విప్పి, లోపల ఎండి గట్టిపడిన గ్రీజును, త్రుప్పును వ్రేలితో గీకి నా చేతిలో పెట్టెను. "ఇది తిరిగి చెడిపోలేదమ్మా, నిలబడి చెడిపోయింది. ఎవరైనా ఒకరు దీన్ని చూసుకోవాల" అనెను. ఇంటిలో మగవారు ఒకరి ముఖము నొకరు చూచుకొనిరి. "చూపించు తాతా, నేను చూసుకుంటా" నంటిని. నాలుగు ఆదివారములు ఆయన పక్కన గూర్చుండి నేర్చుకొంటిని.

మొదట నేర్పినది మరమ్మతు కాదు, ప్రాణరక్షణము. పాతజీపులలో అనేకములందు చేతిబ్రేకు చక్రములను పట్టదు. అది ట్రాన్స్‌ఫర్ కేసు వెనుకనున్న షాఫ్టును పట్టును. వెనుక చక్రమొకటి జాకీతో లేపినంతనే ఆ చక్రము గాలిలో స్వేచ్ఛగా తిరుగగలదు గనుక, నేలమీదనున్న రెండవ చక్రము కూడ డిఫరెన్షియలు ద్వారా వదలబడి, చేతిబ్రేకు వేసియున్నను బండి దొర్లిపోవును. కనుక చదునైన నేలమీదనే, నేలనంటియున్న చక్రములకు ముందువెనుకల దిమ్మెలు పెట్టి, జాకీ ఎత్తినపిదప ఇరుసు క్రింద ఇనుప స్టాండ్లు నిలిపిన తరువాతనే క్రింద దూరవలెను. ఇటుకలు పేర్చి దానిక్రింద పరుండువారిని చూచితిని. ఇటుక పగులునపుడు ముందుగా చెప్పదు. బ్రేకు డ్రమ్ము విప్పినపుడు లోని ధూళిని నోటితో ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. అది ఊపిరితిత్తులను చెరచును. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయవలెను.

ఇక నూనెలు. ఇంజను నూనెను అందరును జ్ఞాపకముంచుకొందురు. గేరుపెట్టె, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ఈ నాలుగింటిలోని నూనె నెవరును తలపరు. మా బండికి తొంభై నంబరు గేరునూనె వాడుదుము. ప్రతిపెట్టెకును ప్రక్కన నింపు బిరడా యొకటి, అడుగున వంపు బిరడా యొకటి యుండును. పై బిరడా ఊడునని నిశ్చయించుకొనిన తరువాతనే అడుగుది విప్పవలెనని మేస్త్రీ పదేపదే చెప్పెను. నూనె యంతయు వంపివేసి, నింపు బిరడా త్రుప్పుపట్టి రాకున్నచో బండి యింటిముందు కట్టెవలె నిలువవలసినదే. రంధ్రములో చిటికెనవ్రేలు పెట్టినచో అంచువరకు నూనె తగులవలెను. తీసిన నూనె పాలు కలిపిన కాఫీవలె నున్నచో లోనికి నీరు చేరినదని యర్థము. సన్నని ఇనుపపొడి బురదవలె నుండుట సహజము. తునుకలు కనబడినచో ఇంటిపని కాదు, మేస్త్రీ పని.

నీరెట్లు చేరునో తెలిసికొనుట ముఖ్యము. ఇరుసుగొట్టము మీద చిన్న ఊపిరిరంధ్రము గలదు. దూరము నడచి వేడెక్కిన ఇరుసు చల్లని వాగునీటిలో మునిగినపుడు లోని గాలి ముడుచుకొని బయటినుండి ఏదో యొకటి పీల్చును. రంధ్రము మట్టితో మూసికొనిపోయినచో సీళ్ళ సందులనుండి నీటినే పీల్చును. ఆ రంధ్రమును నేను నెలకొకమారు తీగతో పొడిచి తుడుతును. అర నిమిషపు పని. వాగు దాటిన మరునాడు గ్రీజు గన్నుతో షాఫ్టుల క్రాసులకు, స్ప్రింగుల పిన్నులకు పాత గ్రీజు బయటికి వచ్చువరకు కొత్తది ఎక్కింతును.

ఇక ఎక్కువగా చెప్పవలసినది నాలుగు చక్రముల వాడుకను గూర్చి. నెలకొకమారు హబ్బులు బిగించి, మెత్తని మట్టిదారిలో రెండు మూడు కిలోమీటర్లు నడుపుచున్నాను. నూనె లోపలి పండ్లన్నిటికి తగిలి, మీటలు వదులుగా నుండును. అయితే తారురోడ్డుమీద మాత్రము ఈ పని చేయరాదు. మలుపు తిరుగునపుడు ముందు చక్రములు వెనుకవానికంటె పెద్ద వలయమున పోవును. జీపులో ముందు వెనుక షాఫ్టులు ఒకే వేగమున తిరుగునట్లు బంధింపబడియుండును గనుక ఆ భేదము తీరు మార్గము లేదు. బురదలో చక్రము జారి భేదము తీర్చుకొనును. తారుమీద జారదు. తడిబట్టను పిండినట్లు ఇరుసులలో మెలి పేరుకొని, తుదకు మీట రాదు, పండ్లు విరుగవచ్చును. అట్లు బిగిసినచో సుత్తి పట్టక, బండిని నాలుగు గజములు నేరుగా వెనుకకు నడిపినచో మెలి వీడి మీట వచ్చును.

అమెరికాలో మంచు కురియు రాష్ట్రమున మా చెల్లెలు సుబారు బండి నడుపుచున్నది. ఆ కంపెనీవారు 1972లోనే లియోనీ యను బండిలో నాలుగు చక్రముల ఏర్పాటు చేసిరి. ఆడివారు 1980లో క్వాట్రో తెచ్చిరి. మా చెల్లెలి బండి వంటి వానిలో నాలుగు చక్రములును ఎల్లప్పుడును ఇంజనుతో కలిసియే యుండును. మలుపులలోని భేదము తీర్చుటకు నడుమ వేరొక యంత్రము కలదు. ఒక టైరు పగిలినదని ఆమె ఒక్కటే కొత్తది వేయింపబోగా, చుట్టుకొలత పావు అంగుళమునకు మించి భేదింపరాదని అచ్చటివారు వారించిరట. కొత్తటైరు కాస్త పెద్దది, అరిగినది కాస్త చిన్నది. రెండును ఒకే దూరమునకు వేర్వేరు చుట్లు తిరుగును. ఆ భేదమును నడుమ యంత్రము నిద్ర లేక మోయవలెను. ఆమె జాబు చదివి నేను కుట్టుపని టేపుతో మా జీపు టైర్లను కొలిచితిని. ముందరివి వెనుకవానికంటె ముప్పాతిక అంగుళము పెద్దవి! మీట బిగియుటకు అదియు నొక కారణమే. ఇపుడు నాలుగును ఒకేసారి కొని, స్థానములు మార్చుచు సమముగా అరుగునట్లు చూచుచున్నాను.

పాతబండికి కొత్త హంగులు చేర్చవలెనను ఉబలాటము మా మరదికి మెండు. స్ప్రింగులు పెంచి, పెద్దటైర్లు వేసి ఏనుగువలె నిలుపవలెనని యాతని కోరిక. నేనొప్పుకొనలేదు. ఎత్తు పెరిగినకొలది షాఫ్టుల వంపు పెరిగి క్రాసులు త్వరగా అరుగును, మలుపులో బొర్లు భయము పెరుగును. పైగా రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు విరుద్ధముగా బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను నిషేధించుచున్నది. పదునైదేండ్లు దాటిన సొంతబండికి ఐదేండ్లకొకమారు తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను గదా, అప్పుడీ ఏనుగును ఎక్కడ దాచుదుము? ఆ డబ్బుతో సీటుబెల్టులు బిగింపించితిమి. హెడ్‌లైట్లకు రిలే పెట్టించి కొత్త తీగలు లాగితిమి. దీపములు మందమగుటకు చాలమారులు బల్బు కాదు, ముప్పదేండ్ల తీగ కారణము. బ్రేకునూనె గాలిలోని తేమను పీల్చుకొనును గనుక రెండేండ్లకొకమారు మార్చుచున్నాము. బ్రేకు గొట్టములు, సిలిండర్లు మాత్రము మేస్త్రీ చేతికే యిత్తును. ఆ విషయమున నాకు గర్వము లేదు.

పని చేసిన ప్రతిసారియు తేదీ, కిలోమీటర్లు, చేసినదేమో పాలలెక్క పుస్తకపు వెనుకపుటలలో వ్రాసికొందును. తీసిన నూనెను మట్టిలో పోయక డబ్బాలో నింపి పట్టణమున పాతనూనె కొనువారికి ఇత్తును. ఈ నెల పద్దులో నొక బాకీ యున్నది. ముందు ఎడమ హబ్బు వద్ద సీలు చెమర్చుచున్నది. కొత్తది నంద్యాలనుండి తెప్పించి అలమరలో పెట్టితిని. ఆదివారము ఎండ యెక్కకమునుపే విప్పవలెను. టార్చి పట్టుకొనుటకు మా తోడికోడలి కొడుకు ఇప్పుడే ఒప్పుకొనినాడు.